సగం దగ్గర ముల్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరి చూపూ ఒక ముల్లు మీదే ఉండేది. కారులో ఇంజన్ వేడిని చూపించే ముల్లు. కింద C, పైన H. నా ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉంది. మా మామయ్య పరువు కూడా దాని మీదే ఆధారపడి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదటి రోజు మామయ్య రత్తయ్య గోడ మేకుకు వేలాడుతున్న కారు తాళం తీశాడు. నా చేతిలో పెట్టలేదు. తన గుప్పిట్లోనే పట్టుకుని షరతు చెప్పాడు.

"చూడమ్మాయ్, ఇది అల్యూమినియం ఇంజను. ఒక్కసారి మరిగిందంటే హెడ్డు వంగిపోద్ది. రోడ్డు మీద బండి మరిగిందో, ఆ రోజుతో తాళం మళ్లీ మేకుకే. ఏడుపులూ బతిమాలుకోడాలూ ఉండకూడదు."

"సరే మామా. ఏడ్వ."

"ఏడ్వ కాదు, ఏడవను."

"ఏడ్వను మామా."

వంటింట్లోంచి అత్తయ్య నాగకుమారి నవ్వు వినపడింది. అప్పుడు తాళం నా చేతిలో పడింది.

మాది బోధన్ పక్కన ఒక క్యాంపు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు కొన్నవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. నేను వేల్పూరు పిల్లని, పసుపు పండించే ఇంట్లో పుట్టాను. మామయ్య కొడుకు ఉమామహేష్‌ని చేసుకుని ఈ చెరుకు ఇంటికి వచ్చాను. నా మాటా వాళ్ల మాటా కలవడానికి కొంత కాలం పట్టింది. కూరల్లో పసుపు ఎంత వెయ్యాలన్న దగ్గర ఇంకా కలవలేదు.

ఉద్యోగం నిజామాబాద్‌లో, మార్కెట్ యార్డు పక్కన. పసుపు ఎగుమతి చేసే ఒక వ్యాపారి ల్యాబులో. పొద్దున వేలం మొదలయ్యేలోగా కుప్పల నుంచి తెచ్చిన శాంపిళ్లు పరీక్షించి, ఏది కొనదగ్గ సరుకో చెప్పాలి. సీజన్ అయ్యేదాకా చూస్తామన్నారు, నచ్చితే ఖాయం చేస్తామన్నారు. ఒక్క రోజు ఆలస్యమైతే ఆ రోజు వేలం పోయినట్టే. నా స్థానంలోకి రావడానికి ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉంది. మా క్యాంపుకు మొదటి బస్సు వచ్చేసరికి యార్డులో వేలం సగం అయిపోతుంది. చెరుకు ట్రాక్టర్ల మధ్య స్కూటీ మీద అంత దూరం వద్దని ఉమామహేష్ పట్టుబట్టాడు. మిగిలింది మామయ్య కారు. తొంభై ఎనిమిది మోడల్ జెన్.

ఇంకో చిక్కు ఉంది. మామయ్య కళ్లకు శుక్లాలు వచ్చాయి. చలికాలంలో డాక్టరు బండి నడపొద్దన్నాడు. ఎండలు ముదరక ముందే ఆపరేషన్ చేయించుకుని మళ్లీ తానే నడుపుతానని మామయ్య ఊరంతా చెప్పుకునేవాడు. అంటే ఆయనకు చూపు వచ్చిన రోజున నా తాళం పోతుంది. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

మొదట్లో ముల్లు C దగ్గర నుంచి లేవనే లేదు. మామయ్య దాన్ని గొప్పగా చెప్పుకునేవాడు. "నా బండి మంచుగడ్డ" అనేవాడు. కానీ ఆ మంచుగడ్డ పెట్రోలు విపరీతంగా తాగేది. పొద్దున్నే తుమ్మినట్టు కుదుపులిచ్చేది. ఒక ఆదివారం బోధన్‌లో రాజేందర్ షెడ్డుకు తీసుకెళ్లాను. మామయ్య బండి చూసేది అతనొక్కడే. ఇంజన్ ఆయిల్ పోసే మూత తిప్పి, తలకిందులు చేసి నాకు చూపించాడు. లోపల తెల్లటి జిగురు.

"సూసినవా అక్కా, మీగడ. గిది పాల మీద కట్టాలె గని ఇంజన్ల కట్టొద్దు."

"ఎందుకు కట్టిందన్నా?"

"ఇంజన్ ఎన్నడు సక్కగ వేడెక్కలే. లోపటి చెమ్మ ఆరలే. ఇంజన్ ఎంత సల్లగుంటే గంత మంచిదనుకుంటరు అందరు. గిది ఫ్రిజ్జా? పొయ్యి! నీళ్లు మసిలే కాడికి జర కిందికి, తొంభై డిగ్రీల దగ్గర్ల నిలవడాలె. ముల్లు సగం కాడ ఉండాలె. గట్ల నిలవెట్టనీకె థర్మోస్టాట్ అని ఒక వాల్వుంటది. ఇందుల అదే లేదు."

"ఎవలు తీసిండ్రు?"

రాజేందర్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నేనే."

"నువ్వా?"

"మీ మామ తియ్యుమన్నడు. రెండేండ్లాయె. వద్దని మస్తు చెప్పిన, ఇనలే. ముల్లు ఎన్నడు లేవద్దు, గంతే, అన్నడు. పెద్దమనిషి, ఏమంటం?"

ఆ మాట నా చెవిన పడింది. మనసులో పడలేదు.

వాల్వు పెట్టమన్నాను. రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోస్తూ వచ్చారు. లోపల సున్నం గట్టిగా పేరుకుంది. బట్టల సోడా కలిపి, ఇంజన్ తిప్పి, మళ్లీ మళ్లీ కడిగాడు. చివరికి ఇంజన్ వేడిని లాక్కునే ఆకుపచ్చ కూలెంట్ పోశాడు.

"బోరు నీళ్లు ఇంక బంద్. బ్యాటరీల పోసే నీళ్లుంటయి సూడు, గవ్వి కలుపు. రంగులు కూడ కలుపొద్దు. పచ్చది పోస్తే పచ్చదే పొయ్యాలె, ఎర్రది కలిపితే లోపట గడ్డ కడుతది."

ఇంటికి రాగానే సంగతి చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్న మామయ్య మొహం నల్లబడింది.

"ఎవర్నడిగి పెట్టించావ్?"

"ఇంజన్‌కు మంచిదట మామా. పెట్రోలు గూడ తక్కువ తాగుతదట."

"ఆ వాల్వు చలిదేశాలోళ్లకి. మన ఎండకి ఎందుకది? ముల్లు పైకి లేస్తే నువ్వు చూసుకుంటావా?"

"చూసుకుంట మామా. సగం కాడ్నే నిలుస్తది."

ఆయన అన్నం తినకుండా చేను వైపు వెళ్లిపోయాడు. అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. సాయంత్రం వచ్చి, వాకిట్లో బండి స్టార్ట్ చేయమన్నాడు. ఇంజన్ కాగేదాకా తిరగనిచ్చి, కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూశాడు.

"ఏదీ, ఎక్కడ లేచింది? అడుగునే పడుకుందిగా!"

ముల్లు సరిగ్గా సగం దగ్గర ఉంది. నేను చేయించిన పని దండగని వెటకారం చేస్తున్నాడనుకున్నాను. ఈ క్యాంపువాళ్ల వెటకారం అలాగే ఉంటుంది. పుల్ల విరిచినట్టు కాదు, మెత్తగా ఉంటుంది. ఊరుకున్నాను.

కొన్నాళ్లు బండి పాటలా సాగింది. కుదుపులు పోయాయి. శనివారాల్లో అత్తయ్య నాతో పాటు వచ్చేది. నిజామాబాద్‌లో ఉన్న వాళ్లక్క ఇంటి దగ్గర దిగి, సాయంత్రం నాతోనే తిరిగొచ్చేది. తిరుగుదారిలో ఆమె చెప్పే కబుర్లకు అంతుండేది కాదు.

మార్చిలో ముల్లు కదిలింది. ఎడపల్లి దగ్గర చెరుకు ట్రాక్టర్ వెనక ఇరుక్కుపోయి నత్తలా వెళ్తుంటే, సగం దాటి పైకి పాకడం మొదలుపెట్టింది. రాజేందర్‌కు ఫోన్ చేశాను.

"టక్కున ఆపకు అక్కా. అద్దాలు దించి హీటర్ వెయ్యి, ఫుల్లు. ఇంజన్ వేడి నీ దిక్కు గుంజుకుంటది. ముల్లు కిందికొస్తది."

వేశాను. ముల్లు నెమ్మదిగా దిగింది. నేను ల్యాబులోకి అడుగుపెట్టేసరికి చీర వీపుకు అంటుకుపోయింది. మా ల్యాబులో పెద్దామె సుమలతక్క నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఏందే, పసుపుతోని కలిపి నిన్ను గూడ ఉడకవెట్టిండ్రా?"

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తెల్లవారుతుండగా వాకిట్లోకి వస్తే, మామయ్య బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి కనిపించేవాడు. నన్ను చూడగానే పక్కకు తప్పుకునేవాడు. అనుమానం పుట్టడానికి అంతకన్నా ఏం కావాలి? వాల్వు పెట్టినందుకు కోపం. బండి మరిగితే తాళం ఆయనకే. ఆపరేషన్ దాకా ఆగనక్కర్లేదు.

ఒక రోజు పొద్దున, ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీశాను. ఆకుపచ్చగా పోసిన కూలెంట్ ఎర్రగా ఉంది. తుప్పు ఎరుపు కాదు. దిష్టి తీసిన నీళ్ల ఎరుపు.

ఎర్ర కూలెంట్ తెచ్చి కలిపాడు మామయ్య. అదే నా తీర్పు. సాక్ష్యం కోసం కొంచెం సీసాలో పట్టి ల్యాబుకు తీసుకెళ్లాను. సుమలతక్క సీసాను వెలుతురుకెత్తి చూసింది. వాసన చూసింది. ఒక గాజు పలక మీద ఒక చుక్క వేసి, దాని మీద నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్లు ఒక చుక్క వేసింది.

ఎరుపు పోయింది. చుక్క పచ్చగా, బంగారంలా మెరిసింది.

"అంకితా, గిది వేరే కూలెంట్ కాదే. మన సరుకే!"

"పసుపా?"

"ఇంకేంది? సున్నం తగిలినా సోడా తగిలినా ఎర్రగైతది, పులుపు తగిలితే మళ్ల పచ్చగైతది. కూలెంట్ల గూడ గసొంటి మందే ఉంటది గదా. దినాం జేసే పని, మర్సిపోయినవా?" మళ్లీ చుక్క వైపు చూసింది. "రంగైతే మస్తుంది. ఏ ఊరిదో మరి."

ఏ ఊరిదో నాకు తెలుసు. మా నాన్న వేల్పూరు నుంచి ఇంటి వాడకానికి పంపిన సంచి మా వంటింట్లోనే ఉంది.

ఫోన్లో సంగతి చెబితే రాజేందర్ తల పట్టుకున్నంత పని చేశాడు. రేడియేటర్ విప్పాలి, బండి షెడ్డులో ఉంచాలి. కానీ మర్నాడే మామయ్య కంటి ఆపరేషన్. ఆటో మాట్లాడదామంటే ఆయన ఒప్పుకోలేదు. "వాకిట్లో బండి పెట్టుకుని ఆటోలో పోవాలా? ఊరేమనుకుంటది?" అన్నాడు. రాజేందర్ ఒక్క రోజుకు సరేనన్నాడు. నెమ్మదిగా నడపమన్నాడు, హీటర్ మర్చిపోవద్దన్నాడు. పసుపు సంగతి మామయ్యను ఆపరేషన్ అయ్యాక అడగాలనుకున్నాను. అప్పుడు కూడా కళ్లకు కట్టుంటుంది, ఆ మనిషితో గొడవ ఎందుకని కట్టు విప్పేదాకా వాయిదా వేసుకున్నాను.

ఆ రోజు ఉమామహేష్ చెరుకు లోడుతో వెళ్లాడు. నేను ల్యాబుకు ముందే చెప్పి సెలవు పెట్టాను. మామయ్య నా పక్కన, అత్తయ్య వెనక. జానకంపేట దగ్గర రైలు గేటు పడింది. ముందు లారీ, వెనక లారీ, నెత్తి మీద ఎండ. ముల్లు లేచింది. నేను హీటర్ తిప్పాను.

"ఇదేంటమ్మాయ్, ఈ ఎండలో హీటరా? నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తున్నావా, ఇటుక బట్టీకి తీసుకెళ్తున్నావా?"

"ఇంజన్ వేడి ఇటు గుంజుకుంటది మామా. జర ఓపిక పట్టున్రి."

కాసేపటికి ఆయన నా వైపు వంగాడు. ముల్లుకు జానెడు దూరంలోకి మొహం తెచ్చాడు. ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. ఆయన కళ్లు చిట్లించి చూశాడు, మళ్లీ చూశాడు. తర్వాత అత్తయ్యకు వినపడనంత మెల్లిగా అడిగాడు.

"ముల్లు ఎక్కడుంది?"

అప్పుడు నాకు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. సగం దగ్గరున్న ముల్లును చూసి అడుగునే ఉందన్న సాయంత్రం. ముల్లు ఎన్నడూ లేవద్దన్న మాట. వాల్వు తీసేయించింది ఇంజన్ కోసం కాదు. ఎప్పుడూ వేడెక్కని ఇంజన్‌కు ముల్లు చూడాల్సిన పని లేదు. చలికాలంలో పోలేదు ఆయన చూపు. రెండేళ్లుగా పోతూనే ఉంది. పొద్దున్నే బానెట్ మీద చెయ్యి వేసేది కూడా అందుకే. చూడలేనిది తాకి తెలుసుకుంటున్నాడు.

"సగం మీద ఉంది మామా," నేనూ మెల్లిగానే చెప్పాను. "జరంత పైకే ఉంది."

ఆయన నోరు తెరిచేలోగా వెనక సీట్లోంచి అత్తయ్య గొంతు.

"పైకేంటే? పొద్దున్నే ఇంకో రెండు చెంచాలు వేశాగా, పట్టలేదా ఏంటి?"

మామయ్య వెనక్కి తిరిగాడు.

"ఏం వేశావ్?"

"పసుపు."

"బండిలోనా?"

"మరి కూరలోనా? రాజేందర్ కడిగిన కాణ్నుంచీ బండి కింద చుక్కలు చుక్కలుగా కారుతోంది. ముగ్గేస్తూ నేనే చూశా. మీరు చూస్తే తాళం లాగేసుకోరూ? మా అన్నయ్య ట్రాక్టర్ కారితే ఇలాగే వేసేవాడు, గుప్పెడు వేస్తే చిల్లి పూడిపోయేది. ఇదీ పూడింది. చుక్క కారట్లేదు, కావాలంటే చూడండి."

"నాకు చెప్పొచ్చు గదా అత్తమ్మా," అన్నాను.

"నీకు చెబితే నీ మొహంలో కనపడిపోద్ది. నీకు దాచుకోడం రాదు." ఆమె కోపంగా మామయ్య వైపు తిరిగింది. "ఇన్నేళ్లు ఇంట్లో బండుంది. నేను అడిగిన చోటికి ఒక్కనాడు తీసుకెళ్లారా? ఈ పిల్ల వచ్చాకేగా మా అక్క మొహం చూస్తున్నా! తాళం మేకుకి పోతే మళ్లీ నేను కూడా గోడకేగా!"

రైలు వచ్చింది. పెట్టెలన్నీ వెళ్లేదాకా మామయ్య వాటినే చూస్తున్నట్టు కూర్చున్నాడు. ఆయన మెడ మీద చెమట కాలువ కట్టింది. షరతు ప్రకారం ఒక్క మాట చాలు. బండి ఆపమంటే ఆపాలి. ఆవిరి రావడానికి ఎంతో దూరం లేదు.

గేటు లేచింది.

"హీటర్ తియ్యకు," అన్నాడాయన. "ఆ అద్దం పూర్తిగా దించు. పోనియ్."

ఆస్పత్రి దగ్గర దిగేసరికి ముగ్గురం తడిసి ముద్దయ్యాం. నర్సు ఆశ్చర్యపోయింది. "ఏంది తాతా, నడ్సుకుంట వచ్చిండ్రా?" ఈలోగా ఉమామహేష్ ఫోన్. అత్తయ్య స్పీకర్ నొక్కింది.

"నాన్నా, చేరారా? బండి మరిగిందా?"

మామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంజన్ మరగలేదురా. మేం ముగ్గురం మరిగాం."

రాజేందర్ రేడియేటర్ విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. సన్నటి గొట్టాల నిండా గట్టిపడిన ఎర్రటి బురద.

"ఒక పెండ్లికి సరిపోను ఎల్లింది అక్కా. అసల్ ముచ్చట ఏందంటే, చిల్లి ముందుగాల్నుంచే ఉంది. సున్నం దాన్ని పట్టుకోనుండె. నేను సోడాతో కడిగితే సున్నం పోయి చిల్లి బయటవడ్డది. మీ అత్తమ్మ పసుపేస్తే చిల్లి పూడింది గని, దానితోని నీళ్లు పారే దారులు గూడ పూడినయి."

వేరే రేడియేటర్ వేశాడు. మళ్లీ ఆకుపచ్చ కూలెంట్. ముల్లు మళ్లీ సగం దగ్గర నిలబడింది. పసుపు సంచి మాత్రం వంటింట్లో పై అరలోకి ఎక్కింది. ఎవరు ఎక్కించారో అడగలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్లు ఆగితే బండి నడపొచ్చని డాక్టరు అన్నాడు. మామయ్య రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టే కనిపించాడు. నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుని, నేను బండి తిప్పుతుంటే చూసేవాడు. రైలు గేటు మాట ఇద్దరం ఎత్తలేదు. యార్డులో సీజన్ చివరికొచ్చింది. ఎవరిని ఖాయం చేసేదీ ఆ వారమే తేలుస్తామన్నారు.

ఆ వారంలోనే, ఒక పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని గోడ వైపు చెయ్యి చాచాను. మేకుకు తాళం లేదు.

బయట ఇంజన్ తిరుగుతోంది.

మామయ్య డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. స్టీరింగ్ మీద చేతుల్లేవు. ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి చూస్తున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ముల్లు C దాటింది. నెమ్మదిగా పైకి వచ్చింది. సగం దగ్గర ఆగింది.

"ఆగింది," అన్నాడాయన చిన్నపిల్లాడిలా. "దీన్ని చూసి రెండేళ్లయింది" అన్నాడు.

"తెల్సు మామా."

"ఎప్పుడు తెలిసింది?"

"గేటు కాడ."

"మరి ఇంట్లో ఎవరికీ చెప్పలేదే?"

"బండి మరిగేటట్టుండెనని మీరు గూడ చెప్పలే గదా."

ఆయన దిగాడు. ఇంజన్ ఆపలేదు, తాళం తియ్యలేదు. నేరుగా అరుగు మీదున్న కూలెంట్ డబ్బా దగ్గరకు వెళ్లి, దాన్ని చేతిలోకి తీసుకుని, చిన్న అక్షరాలన్నీ పైకి చదవడం మొదలుపెట్టాడు. ఎంత నీటికి ఎంత కలపాలో చదివాడు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దని చదివాడు. డబ్బా తిప్పి వెనక వైపూ చదివాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"ఇదుగో, వినపడుతోందా? పసుపు వెయ్యకూడదని ఇందులో ఎక్కడా రాయలేదు. నీ తప్పేం లేదు."

లోపల గిన్నె ఏదో కింద పడిన చప్పుడైంది. తర్వాత నవ్వు.

నేను సీట్లో కూర్చున్నాను. తలుపు వేయబోతుంటే ఆయన దాని అంచు పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఆదివారాలు నీకు పని ఉండదు గదా."

"ఉండది మామా."

"ఆ ఒక్క రోజు బండి నాకిస్తావా? మీ అత్తయ్యని వాళ్లక్క దగ్గరకి తీసుకెళ్లొస్తా."

"ఇస్త మామా," అన్నాను. "కని రోడ్డు మీద మరిగిందంటే ఆ రోజుతోని తాళం మళ్ల మేకుకే. ఏడ్సుడు, బతిమాలుడు ఉండొద్దు."

ఆయన తలుపు వదిలేసి వెనక్కి జరిగాడు. ఎడపల్లి దాటేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. చెరుకు అంతా అయిపోయింది. ముల్లు సగం దగ్గరే ఉంది, వేలానికి ఇంకా టైముంది.